పేరు మార్చుకున్న తెలుపు

కొరియా చర్మసంరక్షణ పద్ధతిలో ఎన్ని అంచెలుంటాయని అడిగితే, ఇవాళ మన కళాశాలల్లో చదివే పిల్లలు ఎక్కం అప్పజెప్పినంత సులువుగా చెబుతారు. ముందు నూనె క్లెన్సర్‌తో సన్‌స్క్రీన్‌ను, మేకప్‌ను కరిగించాలి. తర్వాత నీటితో కడిగే క్లెన్సర్. వారానికి ఒకటి రెండుసార్లు మృతకణాలను తొలగించాలి. ఆపైన టోనర్, ఎసెన్స్, సీరం, షీట్ మాస్క్, కంటి క్రీము, మాయిశ్చరైజర్. పగలైతే చివర సన్‌స్క్రీన్. మొత్తం పది. పలచనిది ముందు, చిక్కనిది తర్వాత అన్నది సూత్రం. సామాజిక శాస్త్రం బోధించే మనిషి కులసమస్యల మీద రాయవలసిన చోట ఈ సీసాల జాబితా ఏమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఈ సీసాల మీద అచ్చయిన ఒక మాట మన ఇళ్లలోని ఒక పాత లెక్కతో ఎలా కలిసిపోతున్నదో చెప్పడానికే ఈ ప్రయత్నం.

మా ఇంట్లోకి ఈ పద్ధతి చికిత్సలో భాగంగా వచ్చింది. పల్నాడులోని మా ఊరి నుంచి మా చెల్లెలి కూతురు డిగ్రీ చదువుకు మా క్వార్టర్స్‌కు వచ్చింది. ఆమె అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. పదిహేడో ఏట సంబంధాల మాట మొదలైనప్పుడు 'పిల్ల బుద్ధిమంతురాలే గానీ చాయ తక్కువ' అన్నారట ఎవరో. ఊళ్లోని మందుల దుకాణంలో వైద్యుడి చీటీ అడగకుండానే ఒక ట్యూబు చేతిలో పెట్టారు. అందులో ఉన్నవి స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్. మూడూ మందులే. మంగు మచ్చల వంటి వాటికి వైద్యులు కొద్ది వారాలపాటు, తమ పర్యవేక్షణలో వాడించే మిశ్రమం అది. దానిని పిల్ల రెండేళ్లు ముఖానికి రాసుకుంది. మొదటి నెలలో చాయ తేలినట్టు కనిపించింది. తర్వాత చర్మం ఉల్లిపొరలా పలచబడింది, బుగ్గల మీద ఎర్రటి నరాలు తేలాయి, మొటిమలు లేచాయి. మానేస్తే మంట, మళ్లీ రాస్తే ఉపశమనం. దేశంలో ఇటువంటి ముఖాలు ఎన్ని వస్తున్నాయంటే, మన చర్మవైద్యులు ఈ స్థితికి 'స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం' అని ప్రత్యేకంగా పేరు పెట్టుకోవలసి వచ్చింది.

నగరంలోని వైద్యురాలు ఆ ట్యూబును క్రమంగా మాన్పించి మూడే చెప్పింది. మెత్తని క్లెన్సర్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. ఆ మూడింటి కోసం వెతుకుతూ వెతుకుతూ మా పిల్ల కొరియా పది అంచెలకు చేరింది. తొమ్మిది వేల రూపాయల చిల్లర అయింది. మా చెల్లెలు మిరపకోతకు వెళ్తే రోజుకు మూడున్నర వందలు వస్తాయి. అంటే ఒక నెల కూలి ఆ అలమరలో నిలబడింది. డబ్బు నేనిచ్చాను గనుక లెక్క అడగలేదు గానీ, అవి ఏం చేస్తాయో తెలుసుకోవాలన్న పట్టుదల నాకు వచ్చింది. వైద్యురాలిని అడిగి, ఆమె వద్దన్నవి పిల్లకు దూరంగా ఉంచి, మిగిలినవి ఇద్దరం కలిసి అయిదు నెలలు వాడాం. పిల్లకు వద్దన్నవి నా ముఖం మీద ప్రయోగించాను.

మొదటి రెండు అంచెల దగ్గరే నాకు నవ్వు వచ్చింది. పొడి ముఖం మీద నూనె క్లెన్సర్ మర్దించి, తడి చేస్తే అది పాలలా మారుతుంది. నూనె జిడ్డును కరిగిస్తుంది, అందులోని ఎమల్సిఫయర్ ఆ జిడ్డును నీటితో కలిపి దించేస్తుంది. ఆ తర్వాత రెండో క్లెన్సర్. భోగినాడు, దీపావళినాడు మనం చేసే తలంటిలో ముందు నూనె, తర్వాత సున్నిపిండి అన్న వరుస కూడా ఇదే కదా. పోలిక ఇక్కడితో ఆగదు. జొసన్ రాజుల కాలంలో (1392–1910) కొరియా స్త్రీలు పెసలు విసిరిన పిండితో ముఖం కడుక్కునేవారు. దానిని 'జోదు' అంటారు. పెసరపిండికి ఎల్లలు లేవు. కాకపోతే మా ఇంట్లో సున్నిపిండి ఏడాదికి రెండుసార్లే. పెసలు వండుకోవడానికే చాలనప్పుడు ఒంటికి రాసుకునేది ఎవరు?

టోనర్‌కు ఒక చరిత్ర ఉంది. చర్మపు పైపొర కొంచెం ఆమ్లగుణంతో, పీహెచ్ సుమారు 5 దగ్గర ఉంటుంది. మామూలు సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. సబ్బుతో కడిగిన ముఖాన్ని తిరిగి దాని స్థితికి తేవడం టోనర్ పాత పని. క్లెన్సరే తక్కువ పీహెచ్‌తో వస్తున్నప్పుడు ఆ పని చాలామటుకు తీరిపోయింది. ఇప్పటి కొరియన్ టోనర్ కేవలం తేమ. ఎసెన్స్ అంటే కొంచెం చిక్కటి టోనర్ అనుకోవచ్చు. నత్త స్రావంతో చేసినది మా పిల్లకు మహా ఇష్టం, నాకు జిగురు. షీట్ మాస్క్ ఇరవై నిమిషాలకు మించి ఉంచకూడదు. అది ఎండిపోతే ఇచ్చిన తేమను తానే లాక్కుంటుంది. కంటి క్రీము చిన్న సీసాలో పెద్ద ధరకు అమ్మే మాయిశ్చరైజర్ అన్నది నా నిశ్చితాభిప్రాయం.

ఈ పది అంచెల లెక్క సియోల్‌లో ఎవరి అమ్మమ్మా చెప్పినది కాదు. కొరియా మూలాలున్న అమెరికన్ చార్లెట్ చో 2012లో 'సోకో గ్లామ్' అనే దుకాణం ప్రారంభించి, 2015లో ఒక పుస్తకం రాసి, ఈ సంఖ్యను ఇంగ్లిషు పాఠకలోకానికి అలవాటు చేసింది. కొరియాలో మాత్రం కొద్ది ఏళ్లకే 'స్కిప్‌కేర్' పేరిట అంచెలు తగ్గించే ధోరణి బలపడింది. 2018లో అక్కడి యువతులు 'కార్సెట్‌ను వదిలించుకుందాం' అంటూ తమ మేకప్ సామగ్రిని పగలగొట్టి ఆ ఫొటోలు పెట్టారు. ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో అంటించడం పరిపాటి అయిన సమాజంలో, అందంగా కనిపించడం అలిఖిత అర్హతగా మారినందుకు వచ్చిన తిరుగుబాటు అది. ఆ తిరుగుబాటు మనదాకా రాలేదు, సీసాలు వచ్చాయి. 2024లో కొరియా సౌందర్యసాధనాల ఎగుమతులు 1,000 కోట్ల డాలర్లు దాటాయి.

ఇక సీరం దగ్గరకు వస్తాను. అసలు విషయం ఇక్కడే ఉంది. మా పిల్ల తెచ్చిన సీరం మీద ఇంగ్లిషులో 'బ్రైటెనింగ్' అని ఉంది. పక్కనే కొరియన్ లిపిలో ఒక మాట. విశ్వవిద్యాలయంలో కొరియన్ నేర్చుకున్న ఒక విద్యార్థిని చేత చదివించాను. 'మిబేక్' అట. 'మి' అంటే అందం, 'బేక్' అంటే తెలుపు. అందమైన తెలుపు. కొరియా చట్టం 2000 సంవత్సరం నుంచీ కొన్ని సౌందర్యసాధనాలను 'ప్రత్యేక ప్రయోజనం గలవి'గా గుర్తిస్తున్నది. ముడతలు తగ్గించేవి, ఎండ నుంచి కాపాడేవి, వాటితోపాటు మిబేక్. నియాసినమైడ్ 2 నుంచి 5 శాతం ఉంటే ఆ ముద్ర వేసుకోవచ్చు. కొరియన్ మాట దాపరికం లేకుండా తెలుపు అనే చెబుతున్నది. ఎగుమతి పెట్టె మీదికి వచ్చేసరికి అది 'కాంతి' అయింది.

నియాసినమైడ్ చెడ్డ పదార్థమని నేననను. అది ఒక విటమిన్ రూపం. రంగుకణాలు తయారుచేసిన మెలనిన్ పొట్లాలు పై కణాలకు చేరడాన్ని అది కొంత నెమ్మదింపజేస్తుంది. మొటిమ మానిన చోట మిగిలిన మచ్చ కొన్ని వారాల్లో పలచబడుతుంది. అంతవరకే. పుట్టుకతో వచ్చిన చాయ మారదు. రంగును తయారుచేసే కణాల సంఖ్య నల్లవారిలోనూ తెల్లవారిలోనూ దాదాపు ఒకటే. తేడా ఆ పొట్లాల పరిమాణంలో, పరుచుకునే తీరులో ఉంటుంది. ఈ సంగతి సీసా చెప్పదు. మచ్చ పోతుందని విన్న పిల్ల చెవికి రంగు మారుతుందని వినిపిస్తే అది ఆమె తప్పు కాదు, ఆ మాటను అలా వినిపించేటట్టే ఎంచుకున్నారు.

'బేక్' అన్న అక్షరం నన్ను ఇంకో చోటికి తీసుకుపోయింది. కొరియాలో 'బేక్‌జోంగ్' అనే సమూహం ఉండేది. పశువులను కోసేవారు, తోలు పని చేసేవారు, తట్టల అల్లికతో బతికేవారు. ఊరి బయట నివాసం. పెంకుటింటికి, పట్టుబట్టకు అనుమతి లేదు. వారి పేరులోని 'బేక్' కూడా ఆ తెలుపు అక్షరమే. కథ ఏమిటంటే, అంతకు పూర్వం ఆ మాటకు సామాన్య రైతు అని అర్థం. 1423లో సెజోంగ్ రాజు ఈ వెలివేతకు గురైనవారిని సామాన్యులలో కలపాలని సంకల్పించి, సామాన్యుల పేరునే వారికీ పెట్టాడు. జనం ఏం చేశారు? వారిని 'కొత్త బేక్‌జోంగ్' అని వేరుగా పిలిచారు. కొన్నాళ్లకు పాతవారు ఆ పేరు వదిలేసుకున్నారు, గౌరవంగా ఇచ్చిన పేరు తిట్టుగా మిగిలింది. 1894 సంస్కరణలు చట్టంలో ఈ అంతరాలను రద్దు చేశాయి, ఊళ్లలో అవి రద్దు కాలేదు. వెలివేత కొనసాగింది, పిల్లలకు బడిలో చోటు దొరకలేదు. పేరు పెట్టిన సరిగ్గా 500 ఏళ్లకు, 1923లో, జింజు పట్టణంలో 'హ్యోంగ్‌ప్యోంగ్‌సా' అనే సమానత్వ సంఘం స్థాపించుకున్నారు. 'హ్యోంగ్' అంటే మాంసం తూచే తక్కెడ. తమ వృత్తిని దాచకుండా, తమ చేతిలోని తక్కెడనే సమానతకు గుర్తుగా ఎత్తిపట్టారు.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటుంది. బేక్‌జోంగ్‌లకూ వారిని వెలివేసినవారికీ ఒంటి రంగులో తేడా లేదు. పుట్టుకను బట్టి మనిషిని కింద నిలబెట్టడానికి రంగు అక్కర లేకపోయింది. మన దగ్గరా అంతే. 'వర్ణం' అన్న మాటకు రంగు అన్న అర్థం ఉన్నందువల్ల కులం రంగులోంచి పుట్టిందని వాదించినవారున్నారు. అంటరానివారు వేరే జాతి అన్న సిద్ధాంతాన్ని అంబేద్కర్ 1948లో వెలువరించిన గ్రంథంలో కొలతలు చూపి మరీ తోసిపుచ్చాడు. జన్యుశాస్త్రం కూడా రంగుకు వేరే దారి చూపింది. ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులో లేత చాయకు కారణమయ్యే ఒక మార్పు ఐరోపావారికీ దక్షిణాసియావారికీ ఒకే మూలం నుంచి వచ్చిందని, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2013 నాటి అధ్యయనం తేల్చింది. ఒకే ఇంట్లో, ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరు చామనచాయ, ఒకరు పచ్చని పసిమి కావడం మనం రోజూ చూసేదే. నల్లటి బ్రాహ్మణుణ్ణి, తెల్లటి దళితుణ్ణి నమ్మరాదని చెప్పే సామెత ఒకటి దేశంలో పలు భాషల్లో తిరుగుతున్నది. ఎంత నీచమైన సామెతో అంత నిజం ఒప్పుకుంటున్నది అది. కులం, రంగు కలవని మనుషులు అడుగడుగునా కనబడబట్టే కదా, దానికి సామెత అవసరమైంది!

అయినా పెళ్లి ప్రకటనలో కులం పేరు పక్కనే 'ఫెయిర్' కూర్చుంటుంది. మా పిల్ల వంటివారికి ఆ మాట రెండుసార్లు తగులుతుంది. పై కులపు నల్లపిల్లకు రంగు ఒక లోటు, కట్నంతో పూడ్చుకోదగిన లోటు. దళిత కుటుంబపు నల్లపిల్లకు అదే రంగు ఆమె కులానికి సాక్ష్యంగా తీసుకోబడుతుంది. నేను విశ్వవిద్యాలయంలో చేరిన కొత్తలో ఒక సహోద్యోగి 'మిమ్మల్ని చూస్తే అలా అనిపించరు' అన్నాడు, మెచ్చుకోలుగా. ఎలా అనిపించనో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తెలియక కాదు.

పేరు మార్చడం మన మార్కెట్టుకూ తెలిసిన విద్యే. 1975లో వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ', 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత వెల్లువెత్తిన నిరసనల నేపథ్యంలో 'గ్లో అండ్ లవ్లీ' అయింది. తెలుపు పోయి కాంతి వచ్చింది. దుకాణంలో అడిగేవారు ఏది అడుగుతున్నారో, ఇచ్చేవారు ఏది ఇస్తున్నారో మారలేదు. సెజోంగ్ రాజుకు సదుద్దేశమైనా ఉంది.

తెలుపు కోసం పడే కష్టం కొరియాలోనూ ముఖాలు కాల్చింది. 1910ల నుంచి 1930ల వరకూ అక్కడ బాగా అమ్ముడైన 'పార్క్ వారి పౌడర్'లో సీసం ఉండేది; స్త్రీల చర్మం దెబ్బతిన్న తర్వాతే అది అంగళ్ల నుంచి తొలగింది. మన కాలానికి వస్తే, 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాలు దెబ్బతిన్న కొందరు రోగులు తెల్లబరిచే క్రీములు వాడినట్టు వైద్యులు గుర్తించారు; అనుమానం పాదరసం మీదికి పోయింది. మా పిల్ల ట్యూబు ఈ వరుసలోనిదే.

సన్‌స్క్రీన్ గురించి చెప్పకపోతే కొరియన్లకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. పదింటిలో నేను బేషరతుగా సమర్థించేది అదే. ఎస్‌పీఎఫ్ 30 అతినీలలోహిత బి కిరణాలలో సుమారు 97 శాతాన్ని, 50 సుమారు 98 శాతాన్ని ఆపుతుంది. కనుక సంఖ్య కన్నా పరిమాణం ముఖ్యం. రెండు వేళ్ల పొడవున తీసుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఇంట్లో జింక్ ఆక్సైడ్ రకం ఒకటి ఉండేది. అది మా ముఖాల మీద బూడిద పూసినట్టుండేది. ఎవరి ముఖాన్ని మనసులో పెట్టుకుని దానిని తయారుచేశారో అడగనక్కర లేదు. కొరియా రకాలు ఆ తెల్లపూత లేకుండా ఇంకిపోయాయి. నల్లని చర్మం ఎండకు తట్టుకుంటుంది, దానికి రక్షణ అక్కర లేదన్న మాట తప్పు. కాలడం తక్కువే గానీ, మచ్చలు పడటం ఎక్కువ. కంటికి కనిపించే వెలుతురు సైతం మన చర్మాన్ని నల్లబరుస్తుంది. ఇనుప ఆక్సైడ్లు కలిపిన రంగు సన్‌స్క్రీన్ దానిని కొంత అడ్డుకుంటుంది.

చర్మానికి ఎండ ఎంత తగులుతుందో చెప్పే కొలబద్దను 1975లో అమెరికన్ చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ రూపొందించాడు. మొదట తెల్లవారి చర్మాన్నే నాలుగు రకాలుగా విభజించాడు. గోధుమరంగు, నలుపు చర్మాలు ఐదు, ఆరు రకాలుగా తర్వాత వచ్చి చేరాయి. నాలుగు వర్ణాలు ముందు చెప్పి, మిగిలినవారిని పిదప లెక్కలోకి తీసుకోవడం మనకు కొత్త కాదు గనుక ఆశ్చర్యపోలేదు.

అయిదు నెలలకు మా పిల్ల బుగ్గల మంట తగ్గింది. ఎర్రనరాలు పూర్తిగా పోలేదు. కొన్ని మిగిలిపోవచ్చని వైద్యురాలు ముందే చెప్పింది. ఇప్పుడు అలమరలో నాలుగే ఉన్నాయి. నూనె క్లెన్సర్, మామూలు క్లెన్సర్, సెరమైడ్లున్న మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. నియాసినమైడ్ సీరంను పారేయమని నేను అనలేదు. మచ్చల కోసం నా దగ్గర ఉంచుకున్నాను. 'మిబేక్ అంటే ఏమిటో తెలిశాక అది చూస్తే ఊళ్లో ఆ ట్యూబు గుర్తొస్తోంది పెద్దమ్మా' అన్నది పిల్ల. సంబంధాల మాట డిగ్రీ పూర్తయ్యేదాకా ఎత్తవద్దని మా చెల్లెలికి ఫోనులో గట్టిగానే చెప్పింది.

మిరపకోత మొదలయ్యే ముందు ఆ పిల్లే తన స్కాలర్‌షిప్ డబ్బుతో ఒక సన్‌స్క్రీన్ కొని వాళ్లమ్మకు పంపింది. మా అమ్మ, ఇప్పుడు మా చెల్లెలు, ఊళ్లోని కూలి ఆడవాళ్లంతా చీర మీద మగవాళ్ల పాత ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టి కోతకు వెళ్తారు. గట్టి నేత గుడ్డ ఏ క్రీముకన్నా బాగా ఎండను ఆపుతుందని చర్మవైద్యులూ చెబుతారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా, పొద్దున్నుంచి పొద్దు వాలేదాకా చేలో ఉండే మనిషికి రెండు గంటలకోసారి చేతులు కడుక్కుని ముఖానికి రాసుకోవడం అయ్యే పని కాదు. పైగా ఆ చేతులకు మిరప ఘాటు పట్టి ఉంటుంది. ముఖానికి తగిలితే మంటే. ఉపాధిహామీ పనుల చోట నీడ, నీరు, ప్రథమచికిత్స ఏర్పాట్లు ఉండాలని చట్టం చెబుతుంది. ఆసామి చేలో కోతకు అటువంటి నియమం వర్తించదు. గట్టున ఒక వేపచెట్టు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

సీసాను మా చెల్లెలు పండక్కి ఎవరో వస్తుంటే తిరిగి పంపించింది. చొక్కాలు పాతబడ్డాయి, మంచి మందపాటివి రెండు కొని పంపమన్నది, మోచేతుల దగ్గర బిగుతుగా లేనివి.